యాభై రూపాయల్లో నలుగురికి భోజనం (మిగతావి ఇంట్లో ఉన్నవే)

ఈ రోజుల్లో బజారులో అన్నిటికన్నా చవకగా దొరికే సరుకు ఏదని ఎవరైనా అడిగితే, పొదుపు సలహా అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఉల్లిపాయ ఒక నెల కొన్నవాడిని ఏడిపిస్తుంది, మరో నెల పండించినవాడిని ఏడిపిస్తుంది. టమాటా సంగతి చెప్పనే అక్కర్లేదు. కిరాణా ఖర్చు సగానికి తగ్గించుకునే ఉపాయం మాత్రం ఏడాది పొడవునా, ఉచితంగా, అడగకపోయినా అందుతూనే ఉంటుంది. మొన్న ఆ సరుకు విజయనగరానికి కూడా దిగుమతి అయింది. గంటస్తంభానికి ఎంతో దూరం లేని ఒక హాలులో, బ్యానరు, పూలగుత్తులు, జ్యోతి ప్రజ్వలన సహితంగా, "యాభై రూపాయల్లో నలుగురికి కమ్మని భోజనం, అదీ పది నిమిషాల్లో" అనే అంశం మీద ఒక పెద్దమనిషి ప్రదర్శన ఇచ్చారు.

గారడీవాడు ఖాళీ బుట్టను బోర్లించి చూపినట్టుగా ఆయన ముందు యాభై రూపాయల నోటును రెండువైపులా తిప్పి సభకు చూపించారు. అటువంటి నోటుతోనే పొద్దున్న రైతు బజారులో కొన్నవంటూ గోంగూర కట్టలు, రెండు అరటికాయలు, నాలుగు టమాటాలు బల్లమీద పేర్చి, "ఖర్చు ఇంతటితో సరి" అని ప్రకటించారు. చప్పట్లు పడ్డాయి. అప్పుడు వంట మొదలైంది. గోంగూర పప్పులోకి కందిపప్పు కావాలి కదా, అది ఇంట్లో ఉన్నదే అన్నారు. అన్నానికి బియ్యం ఇంట్లో ఉన్నవే. నూనె ఇంట్లో ఉన్నదే. చింతపండు, ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఇంగువ, పసుపు, ఉప్పు ఎలాగూ పోపుల పెట్టెలో ఉన్నవే. అన్నంలోకి కాస్త నెయ్యి, ఇంట్లో ఉన్నదే. చివరికి ఆవపెట్టిన అరటికాయ కూర మీద గుప్పెడు జీడిపప్పు చల్లి, ఇలా చేస్తే పిల్లలు ఇష్టంగా తింటారనీ, పలాస పక్కనే ఉంది గనుక జీడిపప్పు మన జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఉన్నదేననీ సెలవిచ్చారు. ఆవపెట్టిన కూరలో జీడిపప్పు వేసిన మనిషిగా చరిత్ర ఆయన్ను గుర్తు పెట్టుకుంటుందేమో గాని, క్షమిస్తుందని మాత్రం నాకు నమ్మకం లేదు.

ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ లేచి, "బాబూ, ఆ కందిపప్పు మా ఇంట్లో ఏ సెట్టుకి కాస్తాదేటి?" అని అడిగింది. ప్రశ్నలు చివర్లో తీసుకుంటామని నిర్వాహకులు మర్యాదగా చెప్పారు. చివర్లో ఫొటోలు తీసుకున్నారు.

ఇది సామాన్యమైన సిద్ధాంతం కాదు. నిన్న కొన్న వస్తువుకు నేడు వెల లేదన్న ఈ సూత్రాన్ని వంటింటికే పరిమితం చేయడం అన్యాయం. స్థలం, ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుము ముందే ఉన్నాయనుకుంటే, రెండు వందల రూపాయల్లో మూడు గదుల ఇల్లు కట్టవచ్చు. కొనవలసింది తలుపు గొళ్లెం ఒక్కటే. బ్యాంకులో డబ్బున్నవాడికి పెళ్లి ఖర్చంటే శుభలేఖల అచ్చుకూలే. ఈ దేశానికి బడ్జెట్ రాసేవారికి ఈ కిటుకు తెలియదని నేను అనను, అక్కడ దాన్ని కాస్త పెద్ద మాటల్లో చెబుతారు.

నోటు పక్కన పెట్టి లెక్క చూద్దాం. ఎన్నాళ్లుగానో కిలో వంద దాటి కూర్చున్న కందిపప్పు రెండు వందల గ్రాములు వేస్తే ఇరవై రూపాయల పైమాట. కొట్లో కొన్న సన్నబియ్యం అరకిలో అంటే మరో పాతిక. గోంగూర ఇంకా సంచిలో ఉండగానే యాభై నోటు చేతులెత్తేసింది. పోపు, నెయ్యి, గ్యాసు, ఆ జీడిపప్పు ఎవరి ఖాతాలో రాయాలో పెద్దమనిషే చెప్పాలి. గ్యాసు కూడా ఇంట్లో ఉన్నదే అంటారు కాబోలు. ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే పథకాన్ని 2024 నవంబరు 1న మన ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలోనే ప్రారంభించారు గదా, ఇంకేం కావాలి? మూడో సిలిండరు అయ్యాక పెద్దమనిషి గారిని సంప్రదించవచ్చు.

పోనీ, పొదుపు నేర్పాలనే ఉంటే నేర్పవలసినవి లేకపోలేదు. ముందుగా ప్యాక్ చేసి లేబులు అంటించిన బియ్యం, పప్పుల మీద 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడింది. అయితే అది 25 కిలోల లోపు, లేదా సరిగ్గా 25 కిలోలున్న సంచులకే. ఆ తర్వాత ఏం జరిగిందో బియ్యం కొట్టు ముందు నిలబడిన ప్రతివాడికీ తెలుసు: 25 కిలోల బస్తా 26 కిలోలైంది. ఒక్క కిలో అదనంగా మోస్తే పన్ను మాయం. వంటింటి పొదుపు మీద ఈ దేశంలో జరిగిన అత్యున్నత పరిశోధన ఇదేనని నా అభిప్రాయం. 26 కిలోల బస్తాకు ఒక్కసారే డబ్బు పెట్టగలిగిన ఇల్లు పన్ను తప్పించుకుంటుంది. ఆనాటి కూలి డబ్బుతో అరకిలో ప్యాకెట్టు కొనే మనిషి మాత్రం దేశాభివృద్ధికి తన వంతు చెల్లిస్తుంది. పొదుపు చేయడానికి కూడా ముందు డబ్బుండాలన్న సంగతిని బ్యానరు మీద ఎవరూ అచ్చు వేయించలేదు.

ప్యాకెట్టు మీద మొత్తం ధరతో పాటు, కిలో లోపు సరుకైతే గ్రాముకు ఎంత, కిలో దాటితే కిలోకు ఎంత పడుతుందో కూడా ముద్రించాలన్న నిబంధన ఒకటి ఉంది. చీమలు చదువుకోవడానికి అనువైన అక్షరాల్లో అది ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. దాన్ని వెయ్యితో హెచ్చవేసి చూసుకుంటే, "కుటుంబ ప్యాకు" అని రాసిన పెద్ద డబ్బా పక్కనున్న చిన్నదానికన్నా ఖరీదైన సందర్భాలు కూడా బయటపడతాయి. నూనె ప్యాకెట్ల సంగతి మరీ చూడాలి. లీటరు వంటనూనె తూస్తే సుమారు 910 గ్రాములే ఉంటుంది. ఒక ప్యాకెట్టు మీద లీటరనీ, పక్కదాని మీద తక్కువ మిల్లీలీటర్లనీ, గ్రాములనీ రాసి ధర ఐదు రూపాయలు తేడా పెడితే, ఏది చవకో తేల్చడానికి మూరెడు కాగితం కావాలి. ఇవి చెప్పి ఉంటే పెద్దమనిషికి నేనే శాలువా కప్పేవాడిని. అవి చెప్పాలంటే మాత్రం, అప్పుడప్పుడైనా స్వయంగా కొట్టుకు వెళ్లిన అలవాటుండాలి.

అసలు ఈ పాఠం ఎవరికి చెబుతున్నట్టు? మగవాళ్లు చెన్నైకో హైదరాబాదుకో కట్టుబడి పనులకు వలసపోతే, వచ్చిన డబ్బులతో పిల్లల్నీ ముసలివాళ్లనీ నెలంతా నెట్టుకొచ్చే ఆడవాళ్లున్న శ్రీకాకుళం జిల్లా పక్కనే ఉంది. గుప్పెడు ఎండు నెత్తళ్లు వంకాయల్లో వేసి ఇంటిల్లిపాదికీ చేపల కూర తిన్నంత తృప్తి కలిగించడం వారికి తెలుసు. పప్పు తగ్గించి సొరకాయ పెంచడం, తగ్గించినట్టు తినేవాడికి తెలియనివ్వకపోవడం తెలుసు. కందిపప్పు మండుతున్నప్పుడు పెసరపప్పులోకి మారడం, పప్పును ముందే నానబెట్టి గ్యాసు మిగుల్చుకోవడం, కుక్కరు కూత వేయగానే మంట తగ్గించడం, ఎండల్లో తర్వాణి (పులియబెట్టిన అన్నం నీళ్లు) పోసుకోవడం, చోడి (రాగి) అంబలితో పూట గడపడం వాళ్లు ఏ హాలులోనూ నేర్చుకోలేదు. సంతలో పొద్దు వాలాక, మళ్లీ ఇంటికి మోసుకుపోవడం ఇష్టం లేని రైతు వంకాయల పోగుకు ఏ ధర చెబుతాడో, ఇంకో రెండు అడుగులు ముందుకు వేసి వెనక్కి తిరిగితే ఏ ధరకు దిగుతాడో వారికి తెలిసినట్టు ఏ ఆర్థికవేత్తకూ తెలియదు.

ప్రభుత్వ లెక్కే చూడండి. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో పల్లెల్లో తలసరి నెల ఖర్చు, ఉచితంగా అందే సరుకుల విలువ కలపకుండా, 4,122 రూపాయలు. అందులో తిండికి పోయేది సుమారు 47 శాతం. అంటే మనిషికి రోజుకు అరవై ఐదు రూపాయలకు మించదు, మూడు పూటలూ కలిపి, మధ్యలో టీతో సహా. నలుగురికి పూటకు ఎనభై ఏడు లోపే పడుతుంది. ఇందులో బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, నూనె ఉంది, పోపు కూడా ఉంది. ఈ లెక్కతో ఏళ్ల తరబడి ఇల్లు నడుపుతున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, బియ్యం ధర కలపడం రాని మనిషి లేచి నిలబడి పొదుపు నేర్పుతాడు. పైగా ఆవిడ చేత చప్పట్లు కొట్టిస్తాడు.

ఇక ఆ పది నిమిషాల సంగతి. ప్రదర్శన సాగుతున్నంతసేపూ నా చూపు వేదిక మీద లేదు. తెర వెనుక, వాష్‌బేసిన్ పక్కన, పీట మీద కూర్చున్న మనిషి మీద ఉంది. గోంగూర ఒక్కొక్క ఆకూ కాడ నుంచి ఒలిచి, పుచ్చాకు ఏరి, మూడు నీళ్లు మార్చి కడిగింది ఆమె. అరటికాయ చెక్కు తీసి ముక్కలు మజ్జిగనీళ్లలో వేసిందీ ఆమే. ఆ జిగురు పట్టి వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. చింతపండు నానబెట్టి పిసికింది, ఆవ నూరింది, పప్పు ఉడికించి పెట్టింది. పెద్దమనిషి వాటిని వరుసగా గిన్నెలో వేసి, గరిటె రెండుసార్లు తిప్పి, గడియారం చూపించి, పది నిమిషాలన్నారు. ఆమె పేరు ఎవరూ చెప్పలేదు. వంట అయ్యాక గిన్నెలు మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లాయి.

కందిపప్పును లెక్కలోంచి తీసేస్తే నవ్వుకున్నాను. మనిషిని తీసేస్తే నవ్వు రాలేదు. సిగ్గులేని లెక్క ఇది. 2024 కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని మీద ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని ప్రభుత్వమే అచ్చు వేసింది. ఆ 88 కూడా ఆ పని చేసే మగవాళ్ల సగటు మాత్రమే, అసలే చేయని మహానుభావులు అందులో లేరు. బయటి భోజనం ఖరీదు, ఇంటి భోజనం చవక అని ఊరూరా చెప్పే ప్రతి మాట వెనుకా ఈ 289 నిమిషాలున్నాయి. హోటలువాడు వంటవాడి జీతం కలిపి బిల్లు వేస్తాడు కాబట్టి అది ఖరీదు. ఇంట్లో ఆమె జీతం సున్నా కాబట్టి ఇది చవక. పొలంలోనో, బట్టల కొట్లోనో, బడిలోనో రోజంతా పనిచేసి వచ్చి, చెప్పులు విడవకముందే పొయ్యి వెలిగించే మనిషికి "సులభమైన వంటకాలు" చెప్పడానికి నోరెలా వస్తుంది? సులభం ఎవరికి? కంచం ముందు కూర్చుని, ఉప్పు తక్కువైందని చెప్పేవాడికా? ఇంటి ఖర్చు తగ్గాలని అంత తపన ఉన్నవాడు ఒక్కసారైనా గోంగూర ఒలిచాడా? ఆమె శ్రమను ఉప్పూ పసుపూ జాబితాలో కలిపి, అడగకుండా వాడుకుని, దానికి పొదుపని పేరు పెట్టి మళ్లీ ఆమెకే ఉపదేశించడం కన్నా దోపిడీ ఏముంటుంది?

క్షమించాలి, గంభీరంగా రాయాలని కూర్చున్నాను. కాబట్టి ఒక నిర్మాణాత్మక సూచన. రాబోయే పొదుపు శిక్షణను మగవారికి మాత్రమే ఏర్పాటు చేయాలి. మనకు 1999 నుంచి రైతు బజార్లున్నాయి. ఏ రోజు ధరలు ఆ రోజు అక్కడి బోర్డు మీద రాసి ఉంటాయి, చదువు వస్తే చాలు. పొద్దున్నే వెళ్లి, గోంగూర కొని, ఒలిచి, కడిగి, వండి, వడ్డించి, గిన్నెలు తోమి, బియ్యం ధర కూడా కలిపి లెక్క రాయాలి. సంచి ఎక్కడుంటుందో ఇంట్లో ఎవరినీ అడగకూడదు.