హేవలాక్ వంతెన కట్టింది కాటన్ దొర కాదు

"రాజమండ్రి పాత రైలు వంతెన కాటన్ దొర కట్టించారు. 1857 తిరుగుబాటు నాటి జనరల్ హేవలాక్ పేరు పెట్టారు. వందేళ్ల గడువు తీరిందని ఇంగ్లండు కంపెనీ ఉత్తరం రాస్తే మూసేశారు." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న ఈ మూడు మాటలూ తప్పే.

కాటన్ కట్టింది ధవళేశ్వరం ఆనకట్ట, 1847–52లో. వంతెన పని మొదలైంది 1897 నవంబరులో. అప్పటికి ఆయనకు 94 ఏళ్లు, ఉన్నది ఇంగ్లండులో. 1899 జులైలో కన్నుమూశారు. పైగా రైళ్లకన్నా జలమార్గాలే ఈ దేశానికి మేలని ఏళ్ల తరబడి వాదించిన మనిషి ఆయన!

కట్టిన ఇంజినీరు గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన అనుభవంతో వచ్చాడు. ఈ వంతెనకు 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), ఒక్కోటి 150 అడుగులు. ఇసుక నదిలో స్తంభం నిలవాలంటే కింద బావి దించాలి. అడుగున ఇనుప అంచు, దాని మీద గుండ్రంగా గోడ కడుతూ, లోపలి ఇసుక తోడుతుంటే బావి తన బరువుకే దిగుతుంది. ఒక పక్కకు ఒరిగిందా, ఎత్తుగా ఉన్న వైపు ఎక్కువ తోడి, ఆ వైపే బరువు పెట్టి సరిచేయాలి. గట్టి నేల తగిలాక అడుగు కాంక్రీటుతో మూస్తారు. వరదలో ఈ పని సాగదు. 1900 ఆగస్టులో రైలు నడిచిందంటే, వాళ్లకు దొరికినవి మూడు ఎండాకాలాలే. ఇంత పని చేసిన వాల్టన్ పేరు చెరిపేయడం అన్యాయం.

పేరు అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్‌ది. జనరల్ హెన్రీ హేవలాక్ వేరే మనిషి, 1857లోనే చనిపోయాడు.

ఇక గడువు సంగతి. 1900లో తెరిచిన వంతెనను మూసింది 1997లో. అంటే 97 ఏళ్లే, వంద నిండనే లేదు. దాని బదులు కట్టిన ఆర్చి వంతెన పని 1991లోనే మొదలైంది. అయినా ఉక్కు వంతెనకు మందుసీసాలా గడువు తేదీ ఉండదు. రివెట్ల దగ్గర తుప్పు, గర్డర్లలో (ఇనుప దూలాల్లో) పగుళ్లు, బావుల చుట్టూ వరద కోత, పెరిగిన ఇంజన్ల బరువు, ఇవీ లెక్క. వీటిని చూసి వేగం తగ్గించాలా, రైళ్లు ఆపాలా అని తేల్చేది మన రైల్వే ఇంజినీర్లే.

పోస్టులో పెట్టిన ఫొటో కూడా ఆ వంతెనది కాదు. వరసగా 28 కాంక్రీటు విల్లులు కనిపిస్తే అది 1997 నాటి ఆర్చి వంతెన, మనవాళ్లు కట్టింది. పంచుకునేవారు రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లున్న పాత వంతెన ఫొటో పెట్టి, కింద వాల్టన్ పేరు రాయండి.