గూగుల్‌కి చెప్పే నిజం పాఠకుడికి చెప్పడానికేం?

మన తెలుగు న్యూస్ సైట్లలో ఒక తమాషా ఉంటుంది. హెడ్డింగ్‌లో "ఆ స్టార్ హీరో ఇంట విషాదం" అని ఊరిస్తారు, ఎవరయ్యా ఆ హీరో అంటే క్లిక్ చేసి, యాడ్లన్నీ దాటుకుని చివరి పేరా దాకా పోవాలి. అదే పేజీ అడ్రస్ బార్‌లో చూడండి, హీరో పేరుతో సహా ఇంగ్లిష్ అక్షరాల్లో మధ్యమధ్యలో హైఫన్లు పెట్టి శుభ్రంగా రాసుంటుంది. అది గూగుల్ కోసం మరి! దాని దగ్గర దాపరికాలు కుదరవు, మన దగ్గరైతే కుదురుతాయి.

అడ్రస్‌లో విషయం ఉండాలి, అందులో గొడవేం లేదు. మాటల మధ్య అండర్‌స్కోర్ (_) బదులు హైఫన్ వాడమని, ఫొటోని కెమెరా ఇచ్చిన నంబర్‌తో వదిలేయకుండా అందులో ఏముందో పేరుగా పెట్టమని గూగుల్ ఎప్పట్నుంచో చెప్తోంది. సైట్‌ని సెర్చ్‌లో పైకి తెస్తామనే ఎస్ఈవో ఏజెన్సీలు మాత్రం దీన్నే పెద్ద ర్యాంకింగ్ మంత్రంలా అమ్ముతున్నాయి. అడ్రస్‌లో కీవర్డ్, అంటే జనం వెతికే మాట, ఉంటే ఒరిగేది చాలా తక్కువేనని గూగుల్ వాళ్ళే చాలాసార్లు చెప్పారు కదా! నన్నడిగితే మంచి పేరు మనిషి కోసం పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో లింక్ వస్తే నొక్కాలా వద్దా అని మనం చూసుకునేది ఆ అడ్రస్‌నే, ఆర్నెల్ల తర్వాత డౌన్‌లోడ్స్‌లో వెతుక్కునేది ఫైల్ పేరుతోనే.

అడ్రస్ తెలుగులో పెడితే షేర్ చేసినప్పుడు చెత్తలా కనిపిస్తుందనేవాళ్ళున్నారు. నిజమే, అడ్రస్‌లో ఉన్న "తెలుగు" అనే చిన్న మాట కాపీ చేస్తే పర్సెంట్ గుర్తులతో కలిపి 54 క్యారెక్టర్లయి కూర్చుంటుంది. అయినా 2003లో మొదలైన తెలుగు వికీపీడియా తెలుగు అడ్రస్‌లతోనే నడుస్తోంది, సెర్చ్‌లో బ్రహ్మాండంగా దొరుకుతోంది.

అసలు నా బాధంతా గవర్నమెంట్ సైట్లతో. జిల్లా సైట్‌లో ఏదో పోస్టుల నోటిఫికేషన్ దించుకుంటే ఫైల్ పేరు "స్కాన్" అని, పక్కన ఓ పొడుగాటి నంబర్. సెలక్షన్ లిస్టూ అంతే, టెండరూ అంతే. తెరిచి చూస్తే లోపలున్నది వంకరగా తీసిన కాగితం ఫొటో, ఒక్క అక్షరం కాపీ కాదు. ఇక సెర్చ్‌లో ఏం దొరుకుతుంది? 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో జీవోలు ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేస్తే ఎంత రచ్చయిందో, హైకోర్టు దాకా ఎలా వెళ్ళిందో చూశాం. సైట్‌లోంచి తీసేస్తే అరుస్తాం సరే, సైట్‌లోనే ఉంచి ఎవరికీ దొరక్కుండా పేరు పెడితే మాత్రం ఎవరూ అడగరు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ఏమంటోంది? రికార్డుల్ని కేటలాగ్ చేసి, ఇండెక్స్ చేసి జనానికి తేలిగ్గా అందేలా ఉంచమంటోంది. స్కాన్ నంబర్ ఏ ఇండెక్స్ కిందకొస్తుందో అధికారులే చెప్పాలి.

సేవ్ నొక్కే ముందు శాఖ పేరు, విషయం, తేదీ కొట్టడానికి అర నిమిషం పట్టదు. అలా కొట్టి తీరాలని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి చాలు, కాకపోతే ఆ సర్క్యులర్‌ని కూడా స్కాన్ నంబర్‌తో అప్‌లోడ్ చెయ్యకండి మహానుభావా.