పేరు తీసే ముందు ఓటరుకు చెప్పండి

జమిలి ఎన్నికల బిల్లు, ఈవీఎంలపై అనుమానాలు, పార్టీల విరాళాలు... ఎన్నికల సంస్కరణలంటే చర్చంతా వీటి చుట్టూనే. సామాన్యుడికి వీటన్నిటికంటే ముందు తేలాల్సిన విషయం ఒకటుంది: ఓటర్ల జాబితాలో నా పేరు ఉందా, లేదా?

బిహార్‌లో 2025 జూన్‌లో ఎన్నికల సంఘం ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ చేపట్టింది. అప్పటికి అక్కడి ఓటర్లు సుమారు 7.89 కోట్లు. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారని, ఊరు వదిలి వెళ్లారని, రెండుచోట్ల నమోదయ్యారని మొత్తంగా చెప్పారే తప్ప, ఎవరి పేరు ఎందుకు పోయిందో జనం ముందు పెట్టలేదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాకే ఆ పేర్లు కారణాలతో సహా బయటికొచ్చాయి. ఆధార్‌ను గుర్తింపు పత్రంగా తీసుకోవాలని కూడా కోర్టే చెప్పాల్సి వచ్చింది.

జాబితా ప్రక్షాళన జరగాల్సిందే. చనిపోయినవారి పేర్లు ఏళ్ల తరబడి ఉంచడం దొంగ ఓట్లను పిలిచి పీట వేయడమే. మా అభ్యంతరం పద్ధతి మీదే. ఊరు మారారనో, అర్హత లేదనో పేరు కొట్టేసే ముందు ఆ వ్యక్తి చెప్పేది వినాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. జాబితాకెక్కిన పేరును పరిశీలించాకే ఎక్కించారని భావించాలని, కాదనేవారే రుజువు చూపాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడేమో ఏళ్లుగా ఓటేస్తున్నవారే పత్రాలు పట్టుకుని తిరగాల్సి వస్తోంది.

తెలుగువారికి ఈ బాధ కొత్త కాదు. 2018 తెలంగాణ ఎన్నికల్లో ఓట్లు గల్లంతయ్యాయని పోలింగ్ కేంద్రాల దగ్గర జనం మొత్తుకున్నారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తీసేయమంటూ లక్షల్లో ఫారం 7 దరఖాస్తులు వచ్చిపడితే కేసులు పెట్టాల్సి వచ్చింది.

పోలింగ్ రోజు ఏం జరుగుతుందో చూడండి. ఓటరు కార్డు పట్టుకుని గంటసేపు క్యూలో నిలబడిన మహిళ లోపలికి వెళ్తుంది. అధికారి జాబితా అటూ ఇటూ తిప్పి ‘మీ పేరు లేదమ్మా’ అంటాడు. కార్డు చూపించినా లాభం లేదు. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో పేరు చేర్చే అధికారం ఎవరికీ లేదు. ఆమె ఇంటికి పోవాల్సిందే.

దీనికి మందు ఉంది. మన పేరు మీద వేరేవాళ్లు ఓటేసి పోతే, విడిగా బ్యాలెట్ ఇచ్చి కవర్లో భద్రపరిచే టెండర్ ఓటు మన నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. జాబితాలో పేరు దొరకనివారికి తాత్కాలిక బ్యాలెట్ ఇచ్చి, అర్హత తేలితే లెక్కించే ఏర్పాటు అమెరికాలో 2002 చట్టంతో వచ్చింది. గత ఎన్నికలో జాబితాలో ఉండి ఈసారి పేరు పోయినవారికైనా అలాంటి ఓటు కల్పిస్తూ పార్లమెంటు చట్టం సవరించాలి.

దానికి టైమ్ పడుతుందనుకుంటే, ఈలోపు ఎన్నికల సంఘం తనంతట తాను చేయగలిగినవీ ఉన్నాయి. బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంటే వలస పోయారని రాసేయడం ఆపాలి. కూలి కోసం ఊరు దాటినవాళ్లు పండక్కి, ఓటుకు తిరిగొస్తారు. ఫోన్‌కు మెసేజ్, ఇంటికి నోటీసు అందాకే పేరు తీయాలి. తీసిన ప్రతి పేరునూ కారణంతో సహా, నామినేషన్లకు రెండు నెలల ముందే పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. ఇందుకు మళ్లీ కోర్టు చెప్పేదాకా ఆగనక్కర్లేదు.