కలిపేస్తే శుద్ధి అయినట్టేనా?

మల్లన్నసాగర్ నుంచి తెచ్చే 20 టీఎంసీల గోదావరి నీళ్లలో 2.5 టీఎంసీలు మూసీకి వదులుతామని సర్కారు చెబుతోంది. వదలండి. కానీ లెక్క చూడండి: ఏడాదంతా సర్దితే అది రోజుకు 19 కోట్ల లీటర్లు. జలమండలి చెప్పిన ప్రకారమే హైదరాబాద్ నగరం మురుగు రోజుకు దాదాపు 195 కోట్ల లీటర్లు. పలచన చేయడానికే చాలవు. చాలినా దాన్ని శుద్ధి అనరు, పరిశ్రమలు వదిలే క్రోమియం లాంటి విషలోహాన్ని కంటికి ఆనకుండా చేయడం అంటారు.

ఈ కలిపేసే విద్య ఇవాళ్టిది కాదు. పటాన్‌చెరు పరిశ్రమల రసాయన జలాలను 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి నగర డ్రైనేజీలో కలిపి అంబర్‌పేటకు మళ్లించిననాడే దానికి రాజముద్ర పడింది. అక్కడి ఎస్టీపీలో, అంటే మురుగు శుద్ధి కేంద్రంలో, పనిచేసేది బ్యాక్టీరియా. అది మలినాన్ని తింటుంది, నికెల్‌ను తినదు. మోతాదు మించితే తానే చస్తుంది. లోహం కొంత బురదకు అంటుకుంటుంది, మిగిలింది నదిలోకే. నిబంధనలదీ అదే భ్రమ: క్రోమియంలో అతి విషపూరిత రూపమైన హెక్సావాలెంట్ క్రోమియం నదిలోకైతే లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదట, డ్రైనేజీలోకైతే 2 దాకా ఫర్వాలేదట. ఇరవై రెట్లు!

లోహాలకు క్రోమియం, నికెల్ పూత వేసే ప్లేటింగ్ యూనిట్లకు శుద్ధి తెలియని పనా? యాసిడ్‌తో పీహెచ్‌ను (ఆమ్ల-క్షార కొలతను) 2–3కు దించి, సోడియం మెటాబైసల్ఫైట్ వేసి విషం తగ్గిన రూపానికి మార్చి, ఆపైన సున్నంతో 8.5 దగ్గరకు లేపితే క్రోమియం ఆకుపచ్చ మడ్డిగా అడుగున కూర్చుంటుంది. దాన్ని వడగట్టి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. పంపితే కిరాయి, రుసుము. రాత్రిపూట నాలాలోకి ట్యాంకర్ వాల్వ్ తిప్పితే అదేమీ లేదు.

ఇలా శుద్ధి చేసి తీరాలంటే చిన్న పరిశ్రమలు మూతపడతాయంటారు. రాయితీ ఇచ్చి ఉమ్మడి ప్లాంట్లు కట్టించండి. కలిపేయడానికి మాత్రం అనుమతి ఇవ్వకండి.

ఇక తీరం సుందరీకరణకు పూడిక తీస్తే? గాలాడని నల్లబురదలో సల్ఫైడ్లుగా బందీ అయిన సీసం, జింక్, క్యాడ్మియం గాలి తగలగానే విడివడి నీళ్లలోకి దిగుతాయి. తవ్వకముందే అడుగుమట్టిని పరీక్షించాలి. ఉత్త నీళ్ల నమూనాతో సరిపెడితే కుదరదు. నైట్రిక్ యాసిడ్ వేయని సీసాలో లోహం గోడలకే అంటుకుపోయి రిపోర్టు ముత్యంలా వస్తుంది. దిగువన కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) కింద వరికి, పశుగ్రాసానికి పారేది మాత్రం ఆ రిపోర్టులోని నీళ్లు కావు.

2024లో నదీగర్భంలోని పేదల గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్) అని రాసిన అధికారులకు నాలాల్లోకి నోళ్లు తెరిచిన పైపులు ఆనలేదా? రంగు డబ్బాలో ఇంకా మిగిలే ఉంటుంది. పట్టుకెళ్లి వాటి మీద రాయండి.