హెయిర్ డై: భయం తలకు, ప్రమాదం చేతికి

ఆదివారం పొద్దున ఒంగోలులో ఏ సెలూన్‌కెళ్లినా రంగు కోసం వచ్చినవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. మొన్న నా పక్క కుర్చీలో పెద్దాయన అడిగాడు: "ఇదేసుకుంటే క్యాన్సర్ వచ్చిద్దంటగా?" రంగు కలుపుతున్నతను నవ్వాడు. "ఇరవై ఏళ్ల నుంచి ఏస్తన్నా, నాకేం రాలా." అతని వేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు నల్లగా ఉన్నాయి. గ్లౌజుల్లేవు.

ప్రశ్న సరైనదే, అడగాల్సింది మాత్రం అతని గురించి.

నల్ల డైలలో అసలు సరుకు పారాఫినైలిన్‌డయమైన్, పొట్టిగా పీపీడీ. దానికి సొంతంగా నలుపు లేదు. అమ్మోనియా వెంట్రుక పైపొరను ఉబ్బిస్తే లోపలికి దూరుతుంది. పెరాక్సైడ్ తగిలాక తోటి రసాయనాలతో ముడిపడి పెద్ద అణువై అక్కడే ఇరుక్కుంటుంది. అందుకే కుంకుడుకాయ పెట్టి రుద్దినా వదలదు. చిక్కల్లా ముడిపడక ముందే. అప్పటికి దాని అణుభారం 108. మన చర్మం గట్టిగా అడ్డుకునేది సుమారు 500 దాటినవాటినే.

కాబట్టి కొంత లోపలికి పోతుంది. ఎంత? మనుషుల తలలకు రంగు వేసి మూత్రం పరీక్షించి చూస్తే, పూసినదాంట్లో ఒక శాతం లోపే తేలింది. చర్మంలోని ఎంజైమ్ దాన్ని చాలావరకు మార్చేస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. ఇదంతా తల మీది సంగతి. అదే పీపీడీ కడుపులోకి పోతే గొంతు వాస్తుంది, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన కేసు అది. ఇంట్లో పిల్లలుంటే ప్యాకెట్ బీరువా పైనే ఉండాలి.

క్యాన్సర్ విషయంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన అంచనా చూడండి. సొంతానికి రంగు వేసుకోవడాన్ని మూడో వర్గంలో పెట్టింది, అంటే తేల్చి చెప్పేంత ఆధారం లేదని. క్షురకులుగా, హెయిర్ డ్రెస్సర్లుగా పనిచేయడాన్ని మాత్రం 2ఏలో, 'బహుశా క్యాన్సర్ కారకం' అన్నచోట పెట్టింది. వాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనబడటమే కారణం. నెలకోసారి రంగేసుకునే పెద్దాయనకూ, రోజూ అందులో చేతులు ముంచేవాడికీ ఉన్న తేడా అదే. మనకు గుర్తురాని తేడా కూడా అదే.

వేయించుకునేవాళ్లకు నిజంగా ఉన్న ముప్పు అలర్జీ. మొదటిసారి ఏమీ కాదు, పదోసారీ కాకపోవచ్చు. ఒంటికి ఒకసారి పడకుండా పోయిందా, ఆ తర్వాత చుక్క తగిలినా కళ్లు మూసుకుపోయేలా మొహం వాస్తుంది. 'హెర్బల్' అన్న మాట చూసి ధైర్యపడేవాళ్లంటే నాకు జాలి. గోరింటాకు పండేది ఎర్రగా. గంటలో నల్లగా పండే గోరింట పొడి అంటే అందులో పీపీడీ ఉందేమోనని అనుమానించాల్సిందే.

చెవి వెనక కాస్త పూసి 48 గంటలు ఆగి చూడమని ప్యాకెట్ మీదే ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ మాటే అతనితో అన్నాను. "ఇవాళ చుక్క పూయి, ఎల్లుండొస్తా."

"ఎల్లుండి మంగళారం సార్," అన్నాడు. "షాపు తియ్యం."