కోతులే కారణమని తేలింది

హనుమకొండలోని మా ఆఫీసులో సర్వరు ఎప్పుడు కుప్పకూలినా నివేదిక సిద్ధంగానే ఉంటుంది. ఎండాకాలమైతే వేడి, వానాకాలమైతే కరెంటు, మిగిలిన నెలల్లో పద్మాక్షి గుట్ట వైపు నుంచి వచ్చి కేబుళ్ల మీద ఊగే కోతులు. రెండేళ్లకోసారి మేడారం జాతర రద్దీని కూడా వాడుకుంటాం. ఇంత చక్కని ఏర్పాటును చెడగొట్టడానికి కొందరు కుర్రాళ్లు బయలుదేరారు. సర్వరును నడిపే లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ కూలినప్పుడు దాని మెమరీని ఫైలుగా భద్రపరచాలట. క్రాష్ డంప్ అట.

2005లో వచ్చిన 2.6.13 నుంచే లినక్స్‌లో ఆ పని చేసే కేడంప్ అనే ఏర్పాటు ఉందని వాళ్ల వాదన. సర్వరు లేచేటప్పుడు కెర్నెల్‌కు అందే బూట్ వరుసలో ‘క్రాష్‌కెర్నెల్’ అని రాస్తే కొంత ర్యామ్ పక్కకు పెడతారు. అందులో రెండో కెర్నెల్ కాచుకుని ఉంటుంది. మొదటిది కూలగానే, యంత్రాన్ని మొదటి నుంచి లేపే బయోస్ గడప తొక్కకుండా లేచి, పోయినదాని మెమరీని డిస్కుకు ఎక్కిస్తుంది. ఆ పని కూలిన కెర్నెల్‌కే అప్పగించవచ్చు కదా అంటే, డిస్కులాంటి పరికరాలను నడిపే దాని డ్రైవర్లను ఇక నమ్మలేమంటారు. అంటే 256 ఎంబీ ర్యామ్ ఏడాది పొడుగునా ఊరికే కూర్చోవాలన్నమాట! మా ఆఫీసులో ఊరికే కూర్చోవడానికి సీనియారిటీ జాబితా ఉంది.

ఇప్పటి పద్ధతికి వచ్చిన లోటేమిటి? నైట్ డ్యూటీ అబ్బాయి తెరను ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. సగం ట్యూబులైటు వెలుగు, మిగతా సగంలో ‘కెర్నెల్ పానిక్ - నాట్ సింకింగ్’ అన్న ఆఖరి వరుస. తప్పు ఏ ఫంక్షన్‌లో జరిగిందో చెప్పే వరుసలు అప్పటికే పైకి జారిపోయి ఉంటాయి. తర్వాత అతను పవర్ బటన్ నొక్కుతాడు. పంచనామాకు ముందే దహనం పూర్తవుతుంది.

అదే డంప్ ఉంటే? ఆ కెర్నెల్‌కు సరిపోయే డీబగ్ సమాచారంతో ‘క్రాష్’ అనే పనిముట్టులో తెరిచి ‘బీటీ’ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో వరుసగా చూపే ఆదేశం) అని కొడితే చాలు, ఏ ప్రాసెస్, ఏ ఫంక్షన్, ఏ మాడ్యూల్ అన్నీ బయటపడతాయి. కోతి పేరు ఎక్కడా రాదు. చౌకగా వచ్చిందని తెచ్చిన నెట్‌వర్క్ కార్డు డ్రైవరు పేరు మాత్రం రావచ్చు. ఆ కొనుగోలు ఫైలు మీద సంతకాలున్నాయి.

డంపులో పాస్‌వర్డులు కూడా దొరకవచ్చన్న అభ్యంతరం సబబైనదే. కానీ మానిటరు అంచున పాస్‌వర్డు చీటీ అంటించుకున్న మేము ఆ మాట ఎత్తితే బాగుండదు.

అన్నిటికన్నా ఘోరం, కేడంప్ పనిచేస్తుందో లేదో చూడటానికి కెర్నెల్‌కు నేరుగా ఆదేశాలు అందించే సిస్‌ఆర్‌క్యూకు ‘సి’ అక్షరం పంపి, నిక్షేపంలా నడుస్తున్న సర్వరును చేజేతులా కూల్చాలట! ముహూర్తం పెట్టించినా ఒప్పుకునేది లేదు.

అయినా మేము మరీ మొండివాళ్లం కాము. డంపు తీసుకోవడానికి అనుమతి ఇచ్చేశాం. తెరవడానికి మూడు సంతకాలు కావాలన్నాం, అంతే. వాటిలో ఒకటి ఆ కార్డు కొన్నవారిది.