బొమ్మ ఇచ్చి భయపెడితే సరిపోతుందా?

టీనేజ్ గర్భాలను ఎలా ఆపాలి అనగానే పెద్దవాళ్లకు ముందు తట్టేది భయపెట్టడమే. కొన్ని దేశాల స్కూళ్లలో దీనికోసం ఒక బొమ్మ కూడా పెట్టారు. అచ్చం పసిబిడ్డలా ఉంటుంది, అర్ధరాత్రి గుక్కపట్టి ఏడుస్తుంది, పాలు పట్టాలా డైపర్ మార్చాలా అన్నది ఇంటికి తీసుకెళ్లిన పిల్లే కనిపెట్టాలి, పట్టించుకోకపోతే అదంతా రికార్డవుతుంది. రెండు రాత్రులు నిద్ర లేకపోతే బుద్ధి అదే వస్తుందని లెక్క.

రాలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 57 స్కూళ్లలో 13 నుంచి 15 ఏళ్ల అమ్మాయిలతో దీన్ని పరీక్షించి, వాళ్లకు 20 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. బొమ్మను సాకిన గ్రూపులో 8 శాతం మంది తల్లులయ్యారు, మామూలు పాఠాలు విన్నవాళ్లలో 4 శాతమే. అబార్షన్లూ ఆ మొదటి గ్రూపులోనే ఎక్కువ.

ఆ కార్యక్రమం పెట్టినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పెట్టారు, అందులో మాకు అనుమానం లేదు. కానీ బిడ్డను పెంచడం కష్టమని అమ్మాయిలకు తెలియదనుకోవడమే పొరపాటు. వాళ్లకు తెలియనిది వేరే ఉంది. పీరియడ్ తప్పితే, సాయంత్రానికల్లా ఇంట్లో తెలిసిపోకుండా ఎవర్ని అడగాలి? వద్దంటే వదిలేస్తాడేమో అన్న టెన్షన్‌లో వద్దని ఎలా చెప్పాలి? గర్భనిరోధకాలు ఎక్కడ దొరుకుతాయి? ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారన్న భయం ఇంకా పోలేదు, అయితే యునెస్కో పరిశీలించిన అధ్యయనాల్లో లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడ్డారని ఎక్కడా తేలలేదు.

ఇది చిన్న విషయం కాదు. పేద, మధ్యాదాయ దేశాల్లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో ఏటా సుమారు 2.1 కోట్ల గర్భాలు వస్తున్నాయని, అందులో దాదాపు సగం కోరుకోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ వయసు తల్లులకు గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముప్పు, కాన్పు తర్వాత ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఎక్కువ, బిడ్డలు తక్కువ బరువుతో పుట్టే అవకాశమూ ఎక్కువే.

మరి పనిచేసేది ఏది? ఇంగ్లండ్ 1999లో పదేళ్ల ప్రణాళిక మొదలుపెట్టి, ప్రతి ప్రాంతానికీ ఒక సమన్వయకర్తను పెట్టింది. స్కూలు, క్లినిక్, యువతతో పనిచేసేవాళ్లు, అందర్నీ ఒక తాటిమీదికి తేవడమే ఆ మనిషి పని. 18 ఏళ్లలోపు గర్భాలను 2010కల్లా సగానికి తగ్గిస్తామన్నారు, అందలేదు. అయినా తగ్గుదల ఆగలేదు, 2014 నాటికి 1998 రేటులో సగం కంటే కిందికి వచ్చింది. ఇందులో ఫొటోకు పనికొచ్చేది ఏమీ లేదు, ఏళ్ల తరబడి విసుగు లేకుండా చేసిన పని తప్ప. ఒక రోజు ఉపన్యాసం పెట్టి, బ్యానర్ ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయే కమిటీలు దీన్ని కాస్త చూడాలి.

ఇంకోటి, ఈ మీటింగుల్లో మగపిల్లలు ఎందుకు కనపడరు? గర్భం అమ్మాయి ఒక్కతే తెచ్చుకునేది కానప్పుడు పాఠం ఆమె ఒక్కదానికే ఎందుకు? పైగా చాలా కేసుల్లో అవతలివాడు తోటి కుర్రాడు కాదు, వయసొచ్చిన మగాడు. అలాంటి చోట అమ్మాయికి నీతులు చెప్పడం దండగ, ఆమెకు కావాల్సింది రక్షణ.

గర్భం వచ్చాక బడినుంచి వెళ్లగొట్టడం మరో ఘనకార్యం. సియెర్రా లియోన్ 2015లో గర్భిణులైన విద్యార్థినులు బడికి రాకూడదంది, 2019లో పశ్చిమాఫ్రికా దేశాల ప్రాంతీయ కోర్టు అది వివక్ష అని తేల్చాక, 2020లో నిషేధం ఎత్తేసింది. మధ్యలో చదువు పోయిన పిల్లల సంగతి ఎవరు చూస్తారు?

కాబట్టి ఈ పనిలో ఉన్న కమిటీలను మేము అడిగేది ఇంతే. మీ క్లినిక్ బడి వదిలాక తెరిచి ఉంటోందా? లోపలికి వచ్చిన పిల్లను అక్కడి నర్సు మొట్టమొదట అడిగేది ‘మీ అమ్మకు తెలుసా?’ అనేనా? మీ కమిటీలో పదహారేళ్ల వాళ్లు ఒక్కరైనా ఉన్నారా? వచ్చే మీటింగ్‌లో ముందు ఇవి తేల్చండి, బ్యానర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.